దేవుడి పద్దు, మనిషి పద్దు: సూరత్ నుంచి చూసిన మతమూ అర్థశాస్త్రమూ

1669 సెప్టెంబరులో సూరత్ నుంచి దాదాపు 8000 మంది బనియా వర్తకులు దుకాణాలు కట్టేసి భరూచ్ దారి పట్టారు. నగర ఖాజీ బలవంతపు మతమార్పిళ్లకు దిగాడు. ఆ భయాన్ని చూపించి డబ్బు గుంజాడు. అది భరించలేక చేసిన పని ఇది. ముందు నడిచిన భీమ్‌జీ పారేఖ్ ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి దలాలు. మొఘల్ సామ్రాజ్యానికి పెద్ద రేవైన ఆ ఊళ్లో టంకశాల మూతపడింది, సుంకాల చావడి ఆగిపోయింది. ఇంటి ఖర్చుకు కూడా డబ్బు పుట్టడం లేదని కంపెనీ ఉద్యోగులు లేఖల్లో మొరపెట్టుకున్నారు. భద్రతకు హామీ దొరికాకే, డిసెంబరులో, వర్తకులు వెనక్కి వచ్చారు.

మతానికీ అర్థశాస్త్రానికీ ఉన్న సంబంధం మీద గత నూట ఇరవై ఏళ్లలో పెద్ద గ్రంథాలయమే పోగయింది. అందులో ఎక్కువ భాగం యూరప్ అనుభవం నుంచి పుట్టింది. దాన్ని సూరత్ వీధుల్లో నిలబెట్టి చదివితే కొన్ని ప్రశ్నలు చిన్నవవుతాయి, ఒకటి మాత్రం పెద్దదవుతుంది. మతం మనిషిని పొదుపరిని చేసిందా, సోమరిని చేసిందా అన్న చర్చ మనకు అలవాటే. ఎవరి మాట నమ్మాలి, ఎవరికి ఇచ్చిన మాట తప్పకూడదు, ఎవరి కష్టం లెక్కలోకి వస్తుంది అనే ఎల్లను మతం ఎలా గీసిందన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న అని నా అభిప్రాయం. సూరత్ చరిత్ర నాలుగు వందల ఏళ్లుగా ఆ ఎల్ల చుట్టూనే తిరుగుతోంది.

ముందు ఆ గ్రంథాలయంలోకి ఒకసారి తొంగిచూద్దాం. మాక్స్ వెబర్ 1904–05లో ప్రొటెస్టంట్ నీతికీ పెట్టుబడిదారీ స్ఫూర్తికీ ముడి వేశాడు. దేవుడు తనను ఎన్నుకున్నాడో లేదో తెలియని కాల్విన్ అనుయాయి ఆ ఆందోళనతోనే క్రమశిక్షణగా పనిచేశాడనీ, సంపాదించినది అనుభవించక మళ్లీ పెట్టుబడి పెట్టాడనీ వాదించాడు. 1926లో ఆర్. హెచ్. టానీ అదే కథను తిప్పి చెప్పాడు: మతం మార్కెట్‌ను పుట్టించడం కంటే, మార్కెట్ ముందు మతం తన నోరు తానే నొక్కుకోవడం ఆయనకు ముఖ్యంగా కనిపించింది. సాష్కా బెకర్, లుడ్గర్ వోస్మన్ 2009లో ప్రష్యా లెక్కలు తీసి, ప్రొటెస్టంట్ ప్రాంతాల కలిమికి అసలు కారణం బైబిల్ చదవడం కోసం నేర్చిన అక్షరాలేనని చూపించారు. రాబర్ట్ బారో, రేచల్ మెక్‌లియరీ 2003లో నరకం మీద నమ్మకాన్నీ ఆర్థిక వృద్ధినీ దేశాలవారీగా పోల్చారు. అంత పెద్ద విశ్వాసాన్ని ఒక్క అంకెలోకి దించే పద్ధతి మీద నాకు నమ్మకం తక్కువ.

ఇంకో పాయ అర్థశాస్త్రం కడుపులోనే మతశాస్త్రం ఉందంటుంది. మాల్థస్ చర్చి గురువు. 1798లో వచ్చిన ఆయన జనాభా వ్యాసం తొలి ముద్రణలో చివరి రెండు అధ్యాయాలు, దేవుడు మంచివాడైతే లోకంలో ఇంత కరువు ఎందుకన్న ప్రశ్నకే జవాబు. తర్వాతి ముద్రణల్లో అవి మాయమయ్యాయి. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం బోధించిన రిచర్డ్ వేట్లీ తర్వాత డబ్లిన్ ఆర్చిబిషప్ అయ్యాడు. 1885లో అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్‌ను నిలబెట్టినవాళ్లలో ముందున్న రిచర్డ్ ఈలీకి క్రైస్తవ సంఘసంస్కరణే ఊపిరి. జేకబ్ వైనర్, ఆంథొనీ వాటర్మన్, రాబర్ట్ నెల్సన్, ఈమధ్య 2021లో బెంజమిన్ ఫ్రీడ్‌మన్ ఈ దారిలో రాసినవాళ్లు. వీళ్ల పని గొప్పది. అయితే వీళ్లు చదివినవి పుస్తకాలు. సూరత్ వర్తకుడి మతశాస్త్రం మాత్రం చిట్టా, ఆవర్జాల్లో ఉంది.

జైనులతో మొదలుపెడదాం. జైన గృహస్థుడికి నిషేధించిన జీవనోపాధులు పదిహేను, వాటిని కర్మాదానాలంటారు. బొగ్గు కాల్చడం, అడవి నరకడం, దంతం, లక్క, విషం, మద్యం అమ్మడం వంటివన్నీ అందులో ఉన్నాయి. ప్రాణిహింస ఉన్న పనులన్నీ తీసేస్తే మిగిలేది వర్తకం, వడ్డీ వ్యాపారం, రత్నాలు. పన్నెండో శతాబ్దంలో హేమచంద్రుడు యోగశాస్త్రంలో గృహస్థుడికి ఉండవలసిన ముప్పై అయిదు గుణాలు చెబుతూ మొదటి స్థానం న్యాయంగా ఆర్జించిన సంపదకు ఇచ్చాడు. భక్తీ తపస్సూ దాని తర్వాతే. పరిగ్రహానికి హద్దు పెట్టుకోవాలనే వ్రతం కూడా ఉంది. ఎంత ఆస్తి చాలో ముందే నిర్ణయించుకోవాలి, మించినది దానం చేయాలి. వెబర్ భారతదేశ మతాల మీద రాసిన పుస్తకంలో జైనులు తన ప్యూరిటన్లకు దగ్గరగా కనిపించి ఆగాడు. పొదుపు, నిజాయితీ, నిరాడంబరత అన్నీ ఉన్నా పరిశ్రమలెందుకు పెట్టలేదంటే, ఆచారాలు వాళ్లను వర్తకానికే కట్టేశాయన్నాడు.

ఆ జవాబు సూరత్‌లో అంతగా అతకదు. పదిహేడో శతాబ్దపు వీర్‌జీ వోరా ఆస్తి ఎనభై లక్షల రూపాయలని అప్పటివాళ్ల అంచనా. మిరియాలు, పగడాలు, పత్తి ఒకే చేత్తో కొనేసి ధర తాను చెప్పినట్టు నడిపించగలిగినవాడు. ఇంగ్లీషు కంపెనీ ఆయన దగ్గర చాలాసార్లు అప్పు చేసింది. విగ్రహారాధనను కాదన్న లోంకా శాహ్ పరంపరలోని గృహస్థుడాయన. స్థానకవాసి సంప్రదాయాన్ని నిలబెట్టినవారిలో ఒకరైన లవ్‌జీ ఋషి ఈయన కూతురి కొడుకేనని జైనుల కథనం. లక్షల వ్యాపారమూ సన్యాసమూ ఒకే ఇంట్లో మసలాయి. ఇప్పటికీ సూరత్ వజ్రాల కుటుంబాల నుంచి దీక్ష తీసుకునేవాళ్లున్నారు. దీక్షకు ముందు ఊరేగింపులో డబ్బూ దస్కమూ వెదజల్లే వర్షీదానానికి వీధి వీధంతా వస్తుంది. సంపదను వదిలేయడమే ఆ ఇంటి పరపతిని పెంచుతుంది.

చరిత్రకారుడు డగ్లస్ హేన్స్ సూరత్ మీద చేసిన పనికి కీలకం ఈ పరపతే. గుజరాతీ వర్తకులు దాన్ని ఆబ్రూ అంటారు. గుడికి ఇవ్వడం, కులకట్టు తప్పకపోవడం, జంతువుల ఆశ్రయమైన పాంజ్రాపోల్‌కు చందా వేయడం, ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం అన్నీ కలిస్తే ఆబ్రూ. అది ఉన్నవాడు రాసిన హుండీని, అంటే చెల్లింపు కాగితాన్ని, ఆగ్రాలోనూ బుర్హాన్‌పూర్‌లోనూ కళ్లకద్దుకుని తీసుకునేవారు. ఆ కాగితానికి వెనుక కోర్టు లేదు, వర్తక సంఘమైన మహాజన్ ఉంది, కులం ఉంది, దేవుడున్నాడు. ఇక్కడ భక్తీ పరపతీ ఒకే పద్దు కింద నడిచాయి. భక్తి నటన అని దీనర్థం కాదు. తప్పు చేస్తే ఇహంలోనూ పరంలోనూ చెల్లని కాసునవుతానని నమ్మినవాడి మాటకు ఆ బజారులో విలువ కట్టారు.

ఆ ఎల్లకు రెండో వైపు ఏముందో చూపించే వర్ణన జాన్ ఓవింగ్టన్ రాసిపెట్టాడు. 1689లో ఇంగ్లండు నుంచి బయలుదేరి సూరత్ చేరిన ఈ ఇంగ్లీషు చర్చి గురువు బనియాలు నడిపే జంతువుల ఆసుపత్రి గురించి చెప్పాడు. ముసలి ఎద్దులకూ కుంటి గుర్రాలకూ అక్కడ చోటుంది. నల్లులకూ చీడలకూ కూడా చోటుంది. వాటికి ఆహారం కావాలి గనుక కూలి ఇచ్చి ఒక పేదవాణ్ని రాత్రంతా మంచం మీద పడుకోబెట్టేవారట. పరాయి మతంవాడి కంటితో చూసిన వర్ణన ఇది, కొంత అతిశయం ఉండవచ్చు. అయినా దీన్ని దాటి పోబుద్ధి కావడం లేదు. జీవదయ నల్లిదాకా చేరింది, దానికి ఖర్చు పెట్టే గుండె ఉంది. ఆ మంచం మీది మనిషి మాత్రం ఆ దయ లెక్కలో కూలికి వచ్చినవాడిగానే మిగిలాడు.

వైష్ణవ బనియాల కథ వేరు. అందులో మనవాళ్ల పాత్ర ఉందన్న సంగతి తెలుగు పాఠకులకు అంతగా తెలియదు. గుజరాత్ వర్తకుల్లో పెద్ద భాగాన్ని ఆకట్టుకున్న పుష్టిమార్గాన్ని స్థాపించిన వల్లభాచార్యులు (1479–1531) వెలనాటి తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో, లక్ష్మణభట్టు, ఇల్లమ్మ దంపతులకు పుట్టారు. ఆయన వంశంలోని గోస్వాములనే భక్తులు మహారాజులంటారు. ఆ సంప్రదాయపు ఆరో పీఠానికి చెందిన బాలకృష్ణజీ సూరత్‌లోనే కొలువున్నాడు. పుష్టి అంటే దైవానుగ్రహం. ఈ మార్గంలో సన్యాసం అక్కర్లేదు. బ్రహ్మసంబంధమనే దీక్షలో భక్తుడు తనువు, మనసు, ధనం, ఇల్లు, సంసారం అన్నీ శ్రీకృష్ణుడికి అప్పగిస్తాడు. అప్పగించినదాన్నే ప్రసాదంగా తిరిగి అనుభవిస్తాడు. వర్తకుడికి ఇంతకంటే ఊరటనిచ్చే మతశాస్త్రం దొరకడం కష్టం. లాభం పాపం కాదు, నైవేద్యం పెట్టకుండా తినడమే పాపం.

అప్పగింత కాగితం మీదికి వచ్చేసరికి అది లాగో అయింది. సరుకుల లావాదేవీల మీద ఇంత అని వర్తకులు మందిరానికి కట్టే రుసుము అది. సరుకు ధరలో కలిసిపోయి ఎవరో ఎరగని కొనుగోలుదారుడి దగ్గర తేలేది. 1850ల చివర్లో బొంబాయి మహారాజులు మందిరం తలుపులు మూసి, దర్శనం ఆపి, వర్తకుల చేత ఒక కట్టుబాటు పత్రం మీద సంతకాలు పెట్టించారు. విమర్శకులు దాన్ని గులామీఖత్, అంటే బానిసత్వ పత్రం, అన్నారు. విమర్శకుల్లో ముందున్నవాడు కర్సన్‌దాస్ ముల్‌జీ, తానూ వైష్ణవ బనియాయే. 1860 అక్టోబరు 21న తన పత్రిక సత్యప్రకాశ్‌లో ఆయన రాసిన వ్యాసం మీద, సూరత్‌కు చెందిన జదునాథ్‌జీ మహారాజ్ బొంబాయి సుప్రీం కోర్టులో 50,000 రూపాయలకు పరువునష్టం దావా వేశారు. సూరత్‌లో పుట్టిన కవి నర్మద్ అదే 1860లో అదే మహారాజ్‌తో వితంతు పునర్వివాహం మీద బహిరంగ వాదానికి దిగాడు.

1862 ఏప్రిల్ 22న తీర్పు కర్సన్‌దాస్ వైపు వచ్చింది. నైతికంగా తప్పయినది మతశాస్త్రం పేరుతో ఒప్పు కాదన్నది న్యాయమూర్తి జోసెఫ్ ఆర్నౌల్డ్ అభిప్రాయ సారాంశం. ఈ కేసును స్త్రీల విషయంలో మహారాజుల దుష్ప్రవర్తన కథగానే ఎక్కువగా చెప్పుకుంటారు. అది నిజమే, ముఖ్యమే. దానికి ఆర్థిక పార్శ్వం కూడా అంతే బలమైనది. సర్వస్వం అప్పగించాలన్న సిద్ధాంతంలో, అప్పగించినదానికి లెక్క ఎవరు చెప్పాలన్న ప్రశ్నకు చోటు లేదు. కర్సన్‌దాస్ అడిగినది ఆ లెక్క. దేవుణ్ని కాదనకుండా, దేవుడి పేరున తీసుకునేవాణ్ని పద్దు చూపమన్నాడు. తెలుగు మూలాలున్న ఒక భక్తి సిద్ధాంతం గుజరాతీ బజారుకు పాకి, ఇంగ్లీషు కోర్టులో లెక్కకు నిలబడిన ఈ ఘట్టానికి మన ఆర్థిక చరిత్రల్లో ఒక అధ్యాయం దక్కాలి.

వడ్డీ విషయం క్లుప్తంగా చెప్పుకుందాం. మనుస్మృతి నూటికి నెలకు రెండు, మూడు, నాలుగు, అయిదు అని అప్పు తీసుకునేవాడి వర్ణాన్ని బట్టి వడ్డీ కట్టింది. కౌటిల్యుడు ధర్మ్యమైన వడ్డీ నెలకు నూటికి ఒకటీపావు అని, వ్యాపారానికి అయిదు, అడవి దాటేవాడికి పది, సముద్రం మీద పోయేవాడికి ఇరవై అన్నాడు. ఒకరు మనిషి పుట్టుకకు ధర కట్టారు, ఇంకొకరు ప్రయాణపు అపాయానికి కట్టారు. ఓడరేవులకు రెండోదే పనికొచ్చింది. ఇస్లాం వడ్డీని నిషేధించింది. సూరత్‌లోని దావూదీ బోహ్రాలు ఈనాటికీ కర్జన్ హసనా పేరుతో వడ్డీ లేని అప్పుల నిధులు నడుపుతున్నారు. వారి విద్యాపీఠం అల్ జామియా తుస్ సైఫియా ఇదే నగరంలో 1814లో మొదలైంది. వడ్డీ నిషేధం కంటే వారసత్వ చట్టమూ వక్ఫ్ నిబంధనలే పశ్చిమాసియా వాణిజ్యాన్ని వెనక్కి లాగాయని తిమూర్ కురాన్ వాదిస్తాడు. సూరత్ దగ్గరికి వచ్చేసరికి ఆ వాదానికి ముల్లా అబ్దుల్ గఫూర్ అడ్డం నిలుస్తాడు. 1718లో చనిపోయిన ఈ వర్తకుడి ఓడల బలగం, వ్యాపారం ఇంగ్లీషు కంపెనీకి సాటి అని అలెగ్జాండర్ హామిల్టన్ రాశాడు.

తెలుగువాళ్లకు ఈ చర్చ వింత కాదు. పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసి వడ్డీ కడుతున్న దేవుడు మన కొండ మీదే ఉన్నాడు. విజయనగర కాలపు తిరుమల శాసనాలు చదివిన బర్టన్ స్టైన్ 1960లో ఒక విషయం తేల్చాడు. భక్తులు ఇచ్చిన నగదును దేవస్థానం తన గ్రామాల్లో చెరువులకూ కాలువలకూ పెట్టి, పెరిగిన పంటతో నైవేద్యం నడిపింది. అక్కడ దేవుడు వ్యవసాయానికి పెట్టుబడిదారు. సూరత్‌లో దేవుడు నమ్మకానికి జామీను.

రాజ్యం మతాన్ని సుంకాల పట్టీలో రాసిన సందర్భం కూడా ఈ రేవుదే. ఔరంగజేబు 1665లో ముస్లిం వర్తకుల సరుకు మీద నూటికి రెండున్నర, హిందువుల సరుకు మీద అయిదు సుంకం నిర్ణయించాడు. 1667లో ముస్లింలకు పూర్తిగా మాఫీ చేశాడు. ఫలితం ఎవరైనా ఊహించగలిగినదే: హిందువుల సరుకు ముస్లిం మిత్రుల పేర్ల మీద రేవు దాటింది, మాఫీని తర్వాత ఎత్తేశారు. మాఫీ ఇచ్చిన రెండేళ్లకు 1669 వలస జరిగింది. మతం ఆధారంగా గీసిన గీతను వర్తకులు ఒకసారి స్నేహంతో దాటారు, ఇంకోసారి ఊరు విడిచి ఎదిరించారు.

సూరత్‌ను మక్కా ద్వారం అనేవారు. మొఘల్ కాలమంతా హజ్ ఓడలు ఇక్కడి నుంచే బయలుదేరాయి, యాత్రతో పాటే ఎర్రసముద్ర వర్తకం సాగింది. సౌమిత్ర ఝా 2013లో ప్రచురించిన అధ్యయనం ఈ చరిత్రకు కొత్త అర్థం ఇచ్చింది. మధ్యయుగంలో సముద్ర వర్తకం సాగిన రేవు పట్టణాల్లో 1850 నుంచి 1950 దాకా హిందూ ముస్లిం కలహాలు మిగతా ఊళ్లకంటే చాలా తక్కువగా జరిగాయని ఆయన చూపాడు. హజ్ బాటలోని వర్తకం ముస్లింలకే సాధ్యం. దాన్ని ఇతరులు లాక్కోలేరు, అనుకరించలేరు. కాబట్టి కలిసి ఉంటేనే ఇద్దరికీ లాభం. ఒక మతవిధి నుంచి పుట్టిన పని విభజన శాంతికి సంస్థలను కట్టింది. డేవిడ్ క్లింగింగ్‌స్మిత్ బృందం 2009లో పాకిస్తాన్ హజ్ లాటరీని పరిశీలించి, యాత్ర చేసివచ్చినవారిలో పరమత సహనం పెరిగిందని చెప్పింది కూడా ఈ కోవలోనిదే.

ఈ వాదాన్ని నేను ఒప్పుకుంటాను, సగం వరకు. 1795 ఆగస్టులో ఇదే సూరత్‌లో ముస్లిం పేదజనం బనియాల దుకాణాల మీద, ఇళ్ల మీద పడింది. లక్ష్మీ సుబ్రమణియన్ ఆ అల్లర్లను విశ్లేషించి, కంపెనీతో చేతులు కలిపిన బనియా సంపదకూ, క్షీణిస్తున్న రేవులో బతుకు చితికిన జనానికీ మధ్య తెగిన బంధాన్ని ఎత్తిచూపారు. 1992 డిసెంబరులో మళ్లీ ఘోరమైన మతహింస జరిగింది. అశుతోష్ వార్ష్ణేయ్ 2002 నాటి తన పుస్తకంలో గమనించినది ఇక్కడ అన్నిటికంటే విలువైనది: హిందూ ముస్లిం వర్తకులు సంఘాల్లో కలిసి పనిచేసే పాత నగరం దాదాపు ప్రశాంతంగా ఉంది, హింస చెలరేగింది నగరం చుట్టూ మొలిచిన వలస కార్మికుల బస్తీల్లో. రెండు ఘటనలకూ మధ్య దాదాపు రెండు వందల ఏళ్లు. నమ్మకపు వలయం లోపలివాళ్లను కాపాడింది, బయటివాళ్లను కాపాడలేదు. ఝా చెప్పిన సహనం, హేన్స్ చెప్పిన ఆబ్రూ ఒకే వలయానికి రెండు పేర్లు. దాని విస్తీర్ణం ఎంతన్నదే అసలు ప్రశ్న.

దానధర్మాలు ఆ వలయాన్ని విశాలం చేశాయా? కొంతమేరకు చేశాయి. ఇంగ్లీషు పాలనలో సూరత్ సేఠులు గుళ్లతో పాటు బడులకూ ఆసుపత్రులకూ గ్రంథాలయాలకూ ఇవ్వడం నేర్చారు. 1831లో సూరత్‌లో పుట్టిన జైనుడు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ పత్తి జూదంలో ఆకాశానికెగసి, 1865 పతనంలో నేలకు ఒరిగాడు. అంతకుముందే బొంబాయి విశ్వవిద్యాలయంలో తల్లి పేర రాజాబాయి గడియార స్తంభం కట్టడానికి రెండు లక్షలిచ్చాడు. చూపులేని ఆ తల్లి సూర్యాస్తమయం లోపు భోంచేయాలన్న జైన నియమం తప్పకుండా గంటలు వినిపించాలనే కట్టించాడని అంటారు. వర్తకుల చిట్టాల్లో ధర్మాదా అనే ఖాతా కూడా పాతదే. ప్రతి అమ్మకం మీద కొనేవాడి దగ్గర కొంత వసూలు చేసి ధర్మకార్యాలకు కేటాయిస్తారు. ఆ సొమ్ము వర్తకుడి ఆదాయమా, దేవుడిదా? 1979లో బిజ్లీ కాటన్ మిల్స్ కేసులో సుప్రీం కోర్టు అది మొదటి నుంచీ ధర్మానికే కట్టుబడిన సొమ్మనీ, వర్తకుడి ఆదాయం కాదనీ తేల్చింది. అంటే భారతీయ పన్నుల చట్టం చిట్టాలో దేవుడి ఖాతాను గుర్తించింది.

గాంధీ ఇంకో అడుగు వేయబోయాడు. సంపన్నుడు తన సంపదకు ధర్మకర్త మాత్రమే అన్న ఆయన సిద్ధాంతంలో అపరిగ్రహ వ్రతం ఉంది, ఆయనకు ఆధ్యాత్మిక మార్గం చూపిన రత్నాల వర్తకుడు రాయ్‌చంద్‌భాయి ప్రభావం ఉంది, లండన్‌లో చదివిన ఈక్విటీ న్యాయసూత్రాలూ ఉన్నాయి. దాని బలహీనత పుష్టిమార్గపు లాగో దగ్గర చూసినదే: ధర్మకర్త చేతిలోనే పద్దు ఉంటుంది. అడిగే హక్కు ఎవరికీ రాసివ్వలేదు. క్రైస్తవ అర్థశాస్త్రవేత్త జె. సి. కుమారప్ప 1945లో శాశ్వతత్వ ఆర్థికవ్యవస్థ గురించి రాసినప్పుడు ప్రకృతినీ శ్రమనూ లెక్కలోకి తెచ్చాడు. సమీక్షల్లో ఆయన్ను గాంధీ పాదసూచికగా వదిలేయడం అన్యాయం.

శ్రమను లెక్కలోకి తెచ్చే ఈ పద్దుకు చాలా దగ్గరగా వచ్చిన మతగ్రంథం గుజరాత్‌లోనే ఉంది. స్వామినారాయణ సంప్రదాయాన్ని స్థాపించిన సహజానంద స్వామి 1826లో వడతాల్‌లో రాసిన శిక్షాపత్రి 212 శ్లోకాల చిన్న పుస్తకం. కొడుకుతోనైనా మిత్రుడితోనైనా భూమి, డబ్బు వ్యవహారాలు సాక్షులతో కాగితం రాసుకోకుండా చేయవద్దంటుంది. రాబడికి మించి ఖర్చు పెట్టవద్దని, రోజువారీ జమాఖర్చులు స్వయంగా రాసుకోవాలని, ఆదాయంలో పదో వంతు, బీదవాడైతే ఇరవయ్యో వంతు దేవుడికి ఇవ్వాలని చెబుతుంది. వెబర్ చేతికి ఇది అంది ఉంటే ఏమనేవాడో. నన్ను నిలబెట్టేది ఇందులోని 152వ శ్లోకం. పనివాడికి మాట ఇచ్చినంత కూలి, డబ్బుగా గానీ ధాన్యంగా గానీ ఇవ్వాలి, తక్కువ ఇవ్వకూడదు అని అందులో ఉంది. సౌరాష్ట్ర నుంచి వచ్చి సూరత్ వజ్రాల పరిశ్రమను నిలబెట్టిన పటేళ్లలో ఈ సంప్రదాయానికి పెద్ద పట్టుంది. పాత సూరత్ మతగ్రంథాల్లో వర్తకుడు వర్తకుడికి ఏమి బాకీయో ఉంటుంది. కూలివాడికి ఏమి బాకీయో శ్లోకంగా రాసినవి అరుదు.

ఆ కూలివాళ్లలో మనవాళ్లు చాలామంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలీలు బొంబాయి, భివండి, సోలాపూర్‌లకు వెళ్లినట్టే సూరత్‌కూ వెళ్లారు. లింబాయత్ చుట్టుపక్కల తెలుగు వినిపిస్తుంది, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతుంది, బతుకమ్మ ఆడతారు. వీళ్లూ తమ మతశాస్త్రాన్ని వెంట తెచ్చుకున్నవాళ్లే. మార్కండేయుడి కొడుకు భావనారుషి తామరతూడు దారంతో దేవతలకు బట్ట నేశాడని, తాము ఆ వంశమని కులపురాణం. తెలంగాణలో కూనపులివాళ్లు చేర్యాల పటం పరిచి ఈ కథ చెప్పేవారు, చెప్పినందుకు పద్మశాలీల నుంచి కానుక తీసుకోవడం వారి హక్కు. నేత ఇక్కడ దేవతలకు చేసిన సేవ, నేసినవాడు ఋషి సంతానం. శ్రమకు ఇంత గౌరవమిచ్చిన కథ కర్మాదానాల పట్టికలో లేదు, బ్రహ్మసంబంధంలో లేదు.

సూరత్ మరమగ్గం షెడ్డులోకి అడుగుపెట్టగానే ఆ గౌరవం చెల్లదు. దక్షిణ గుజరాత్ కార్మికుల మీద దశాబ్దాలు పనిచేసిన యాన్ బ్రెమన్ 1996 నాటి పుస్తకంలో చూపినది ఇదే. పన్నెండు గంటల షిఫ్టు, నేసిన మీటరుకింత కూలి, నియామక పత్రం ఉండదు. ఫ్యాక్టరీల చట్టం పరిధిలోకి రాకుండా ఒకే షెడ్డును కాగితం మీద చిన్న చిన్న యూనిట్లుగా చీలుస్తారు. సిరిసిల్లలో సాంచాలు నడిపే కార్మికుడికి కనీసం తన ఆసామి ఎవరో, ఆ ఆసామికి నూలు ఇచ్చే సేటు ఎవరో తెలుసు, పండగకు ఎదురుపడతారు. సూరత్‌లో యజమాని గుడి వేరు, భాష వేరు, కులం వేరు. ఆబ్రూను కాపాడే కళ్లు ఈ షెడ్డు వైపు చూడవు. ఇక్కడ కూలి ఎగ్గొట్టినవాడి హుండీని అక్కడ ఎవరూ తిరస్కరించరు. యజమానులందరూ ఒక మతం వాళ్లు కారు, అందరూ కూలి ఎగ్గొట్టేవాళ్లూ కారు. నేను చెప్పేది వ్యక్తుల దుర్మార్గం గురించి కాదు. సాటి వర్తకుడికి పైసా బాకీ పడితే నిద్రపట్టని నీతి, మగ్గం నడిపేవాడి దగ్గరికి వచ్చేసరికి కాగితమే అడగని నీతి అవుతోంది. ఒకే మనిషిలో రెండూ కాపురముంటున్నాయి.

అర్థశాస్త్రవేత్తలు మతాన్ని కొలవడంలో చాలా నైపుణ్యం సాధించారు. లారెన్స్ ఇయన్నకోన్ 1998లో మతసంస్థలను సేవలు అందించే సంఘాలుగా లెక్కగట్టే పద్ధతిని సమీక్షించాడు. శ్రియా అయ్యర్ 2018 పుస్తకంలో భారతీయ మతసంస్థలు విద్య, వైద్యం, ఆహారం అందించడంలో ఎలా పోటీపడుతున్నాయో చూపారు. ఈ లెక్కల్లో సంఘం లోపలివాళ్లకు ఏమి దక్కుతుందో వివరంగా ఉంటుంది. దాని సంపద ఎవరి శ్రమ మీద నిలబడిందో, ఆ శ్రమకు సంఘం నీతి వర్తిస్తుందో లేదో ఎక్కడా ఒక గడి కూడా ఉండదు. సూరత్‌లో అది కొలవడం అసాధ్యం కాదు. మందిరాల దాతల జాబితాలున్నాయి, మార్కెట్ సంఘాల దస్త్రాలున్నాయి, ధర్మాదా ఖాతాలు ఆదాయపు పన్ను లెక్కల దాకా వెళ్తాయి. లేనివి కూలి పద్దులు. వాటిని కార్మికుల నోటి నుంచి రాసుకోవాలి. శిక్షాపత్రి 152వ శ్లోకాన్ని ఆ పద్దుల పక్కన పెట్టి చదివే అధ్యయనం రావాలి. అది గుజరాతీ, ఒడియా, తెలుగు భాషల్లో వెలువడాలి, ఎందుకంటే ఆ కూలి ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఎక్కువగా చదివేది ఆ భాషల్లోనే.